మార్జిన్ గుడ్డ

గునుపూర్ స్టేషన్ రోడ్డులో, మందుల కొట్టు పక్కన
నా మిషను.
బోర్డు మీద పైన ఒడియా గుండ్రాలు, కింద తెలుగు గుండ్రాలు,
రెండూ ఒకే ఎండకి వెలిసేయి.
అక్షరాల కన్నా నాకు టేపు బాగా చదవడం వచ్చు.

సువర్ణ బిసోయి, బ్యాంకులో క్యాషియరు.
జ్యేష్ఠంలో వచ్చినప్పుడు నడుం ముప్పై ఎనిమిది.
"తగ్గుతాను చూడక్కా" అంది.
తగ్గమ్మా, షుగరు అంచున ఉందని డాక్టరు చెప్పేడు కదా,
అన్నాను. నేనే అన్నాను.

రథం నాడు ఊరంతా ఖాజాలు తింటూంటే
ఆవిడ కీరాదోస ముక్క నమిలింది.
రోజుకి ఐదు వందల క్యాలరీలట,
అది దాటితే ఫోనులో గీత ఎర్రబడుతుందట.
పొద్దున్న గుడ్డులో తెల్లసొన, మధ్యాహ్నం ఆ కీరా,
రాత్రికి వేడినీళ్ళు, నిమ్మచెక్క.
డ్రాయరులో రూపాయి తేడా వస్తే ఇల్లు కదలని మనిషి
ఒంట్లో లోటు పెరుగుతూంటే
లాభం అని రాసుకుంది.

కార్తీకం వచ్చింది.
అందరికీ ఒంటిపూట. ఆవిడకి ఆ పూట కూడా లేదు.
"కుట్టు ఇంకా లోపలికి వెయ్యక్కా,
మార్జిన్ కత్తిరించెయ్. మళ్ళీ లావయ్యేది లేదు."
కత్తెర చేతిలోకి తీసుకున్నాను.

టేపుకి అందనివి వేళ్ళకి అందుతాయి.
వీపు మీద చెయ్యి జారిస్తే పూసలు ఒక్కొక్కటే లెక్కకొచ్చేయి.
మిట్టమధ్యాహ్నం స్వెట్టరు.
హుక్కుకి చిక్కుకున్న జుట్టు, వెంట్రుక కాదు, చిన్న చుట్ట.
మూడు నెలలైందక్కా, బయట చేరలేదు, అంది మెల్లగా.
విశేషమేటని నవ్వేను.
ఆవిడ నవ్వలేదు.
నోట్ల కట్ట మధ్యలో లెక్క మర్చిపోతోందట,
మళ్ళీ మొదట్నుంచి, మళ్ళీ మొదట్నుంచి.

ఆకలి నాకు కొత్తేటి?
వాన తప్పిన ఏడు, కొండ మీద,
మా అమ్మ మామిడి జీడి నానబెట్టి అంబలి కాచింది.
మనిషిలోంచి ముందు పోయేది పాట. తర్వాత కోపం.
ఆ తర్వాత మా చెల్లి మోకాళ్ళు.
మాకు లేక. ఈవిడకి ఉండి.
ఒంటికి ఆ తేడా ఎవరు చెబుతారు?
కరువొచ్చిందనే అనుకుంటుంది,
వత్తులన్నీ తగ్గించుకుని కూర్చుంటుంది,
కర్రలైపోతే తలుపు చెక్క పొయ్యిలో పెట్టినట్టు
కండ తీసి కాల్చుకుంటుంది,
రేపెవరైనా ముద్ద పెడితే ఖర్చు పెట్టకుండా దాచుకుంటుంది.
ఇదంతా అప్పుడు ఆవిడకి చెప్పేనా? లేదు.
గిరాకీ కదా.

పుష్యంలో ఒక శనివారం
"చేతులు పైకెత్తమ్మా" అన్నాను.
ఎత్తింది. ఎత్తిన చేతులతోనే కూలింది.
మందుల కొట్టు కుర్రాడు చక్కెర నీళ్ళతో పరిగెత్తుకొచ్చేడు.
నా మిషను చక్రం ఊరికే తిరిగింది కాసేపు.

ఆసుపత్రిలో సవర నర్సమ్మ చెప్పింది:
రక్తంలో ఉప్పులు తప్పేయి, గుండె తాళం తప్పింది.
ఒక్కసారిగా పెట్టకండి, కొంచెం కొంచెం.
తగ్గాలంటే తగ్గొచ్చు, తింటూ, నెమ్మదిగా.
పాపం, నేను కుంచెడన్నం వండుకుని వెళ్ళేను.
తిరిగి మోసుకొచ్చేను.

మాఘం ఇది.
బ్యాంకు మధ్యాహ్నం విడిచినప్పుడు వస్తోంది,
స్టీలు గిన్నెలో మండియా జావ.
నా బల్ల మీద కూర్చుని తాగుతుంది. సగం.
ఒక్కోరోజు పావు.
ఫోను బోర్లా పెడుతుంది, మళ్ళీ తిప్పి చూస్తుంది.
"టేపు తియ్యకక్కా" అంటుంది.
తియ్యను. మెడలోనే ఉంటుంది.

ఆ జాకెట్టు నిన్న తిరగేసి చూసేను.
అంగుళంన్నర మార్జిన్, మడత లోపల అలాగే ఉంది.
ఆ రోజు కత్తెర పట్టేను గానీ చెయ్యి రాలేదు.
కత్తిరించేనని చెప్పి పాతిక రూపాయలు మాత్రం తీసుకున్నాను.

కొలత లేకుండా, అందాజుగా,
ఒక వరస కుట్టు విప్పేను.
పాతిక రూపాయలు ఎలా తిరిగివ్వాలో తెలీలేదు.