అచ్చు పడని చోటు

పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసింది వల్లరి.
పెరంబూరు లైబ్రరీ ముద్ర,
వెనకట్ట మీద ఎవరిదో సాంబారు వేలిముద్ర.
లోపల ఒక తాత, ఒక మనవరాలు, ఒక గొడుగు.
"చదువు తాతా."

కళ్లజోడు వెతకలేదు నేను.
బీరువా కింది అరలో, పాత కరెంటు రసీదుల మధ్య
పడి ఉన్న భూతద్దం తీశాను.
రాయపేట ప్రెస్సులో మేస్త్రీ దొరైకణ్ణు
రిటైరైన సాయంత్రం నా జేబులో వేసిపోయినది.

"ఈ తాత ఏం చేస్తున్నాడు?"
"ఎరుపు వెంట్రుకవాసి జరిగింది, చూడు.
పెదవి ఒకచోట, నవ్వు ఇంకోచోట."
"అదేం కథ?"

అదే కథ తల్లీ.
ముప్పైనాలుగేళ్లు నేను చదివింది అదొక్కటే.
నీలం, ఎరుపు, పసుపు, చివర నలుపు:
ఒకే కాగితం నాలుగుసార్లు మిషన్‌లోకి పోయి
నాలుగుసార్లూ ఒకేచోట నిలబడాలి.
నవంబరు వానలకి కాగితం ఉబ్బేది,
పసుపు తప్పుకునేది,
చిలక నీలంగా మిగిలిపోయేది.
అలా చెడిన షీట్లే మీ నాన్న నోట్‌బుక్కులకి అట్టలు.
రెండు ముక్కుల రాజు, అంచు దాటిన ఆవు,
లెక్కల పుస్తకం మీద నీడ ఊడిపోయిన ఏనుగు.
వాడు చూసిన బొమ్మలన్నీ అవే.
అందుకేనేమో, ఇప్పటికీ వాడు ఫోటో తీస్తే
మనిషి సగమే పడతాడు.

పిల్ల కన్ను అద్దానికి ఆనించింది.
"తాతా! తాత లేడు! అన్నీ చుక్కలే!"
"దూరం జరుగు, వస్తాడు."
జరిగింది. వచ్చాడు.
ఆనించింది. పోయాడు.
పదిసార్లు ఆడింది ఈ ఆట.
పదకొండోసారి నేనే పుస్తకం మూసేశాను,
ఎందుకో.

వంటింట్లోంచి మునెమ్మ వచ్చింది.
బొమ్మలో నానమ్మని చూసింది: ముడి, ఊగే కుర్చీ, ఒళ్లో పిల్లి.
"ఈవిడకి పనేం లేదా?"
పేజీ వదిలేసి పుస్తకం వెన్ను తడిమింది.
అదే ప్రెస్సులో బైండింగు ఈమె.
రోజుకి మూడు వేల ఫారాలు మడిచిన బొటనవేలు,
ఇప్పటికీ చపాతీ మడిచినా అంచుకి అంచు కలుపుతుంది.
అక్షరం రాదు. పేజీ తలకిందులైతే మాత్రం
చీకట్లో చెప్పేస్తుంది.
"ఇంకో నాలుగు చేతులు మారితే ఊడుతుంది ఇది,"
అని సూదీ దారం తెచ్చింది.
లైబ్రరీది, ముట్టుకోవద్దంటే
విన్నదెప్పుడు గనక.

ఆమె కుడుతుంటే, మళ్లీ అద్దం పట్టింది వల్లరి.
వేలు తాత తల మీద ఆగింది.
"ఇక్కడ చుక్కలేవీ?"
"ఉండవు. తెలుపుకి సిరా లేదు.
జుట్టూ మీసమూ అచ్చు పడకుండా వదిలేసిన కాగితమే."
"మర్చిపోయారా?"
"మర్చిపోతే అక్కడా రంగు పడేది.
గుర్తుపెట్టుకుని వదలాలి."
దారం పళ్లతో కొరుకుతూ మునెమ్మ నా తలకేసి చూసి
ఏమీ అనలేదు.

సోమవారం బడి నుంచి ఒక కాగితం వచ్చింది.
'మా తాత.'
నీలం గళ్ల లుంగీ, గోధుమరంగు చెయ్యి,
చేతిలో నల్లటి గుండ్రం, అది భూతద్దమట.
ముఖం ఉంది, చెవులున్నాయి,
చెవుల పైన ఏమీ లేదు. గీత కూడా గీయలేదు.
ఎక్కడ ఆగాలో తెలియక నా జుట్టు
కాగితం అంచుదాకా పరుచుకుని,
అంచు దాటి బల్ల మీదికీ పోయినట్టుంది.

మూల మీద టీచరమ్మ ఎర్ర పెన్ను:
'ఇంకా పూర్తి చేయాలి.'

మునెమ్మ కాగితాన్ని కిటికీ వెలుగులో పట్టుకుంది.
చాలాసేపు చూసింది.
ఆ ఎర్ర అక్షరాల మీద
బొటనవేలి గోరు ఆనించి అంది:
"బాగా పడింది అంతా.
ఈ ఎరుపొక్కటే జరిగింది."