అమ్మేవాడు పెట్టే ప్లగ్గులు

తెల్లవారుజాము నాలుగున్నరకి
వయాలా వీధిలో నా కారు మూడుసార్లు దగ్గి
నాలుగోసారి లేచింది.
వెనకసీట్లో ఐసు పెట్టె. అందులో ఊరివాళ్ళ రక్తం,
చిన్న గొట్టాల్లో, పేర్లు అంటించుకుని.
ఏడింటికల్లా పోర్ట్ అగస్టా ల్యాబులో ఉండాలి.

రెండు వారాలుగా ఇదే వరస.
ఎత్తెక్కితే కుదుపు, సిగ్నల్ దగ్గర వణుకు,
పెట్రోలు మాత్రం పెళ్ళింట్లో మజ్జిగలా ఖర్చు.
పసుపు దీపం ఒకటి వెలిగింది.
నేను చూసీ చూడనట్టుంటే
అదీ ఊరుకుంది.

వెస్నా షెడ్డు ఉక్కు ఫ్యాక్టరీ రోడ్డు మలుపులో.
గోడలూ, కుక్కా, టీ కప్పూ, అన్నీ ఎర్రదుమ్ము రంగే.
ముప్పై ఏళ్ళు క్రేన్లు బాగుచేసిన చేతులు.
"ఇంజన్ చల్లారనీ," అంది.
"వేడిమీద విప్పితే మర ఊడొస్తుంది. దాని తల అల్యూమినియం, మెత్తన."
గంటన్నర కూర్చున్నాం, రోగి బంధువుల్లా.

నాలుగింటినీ విప్పి పాత పేపరు మీద
వరసగా పెట్టింది, పీకిన పళ్ళలా.
"చదువు," అంది.
నేను చదివేది లేబుళ్ళు. ఇవేం చదవను?

"మొన బిస్కెట్ రంగులో ఉంటే ఇల్లు క్షేమం.
పొడి మసి పట్టిందా, తిండి ఎక్కువ, గాలి తక్కువ.
తెల్లగా బొబ్బలెక్కిందా, ఒళ్ళు కాలిపోతోంది.
నూనె తడి ఉంటే అది ప్లగ్గు జబ్బు కాదు, డబ్బు దాచుకో."

నావి బిస్కెట్ రంగే. బతికాను.
కానీ మొనలు అరిగి గుండ్రంగా,
చప్పరించి ఉమ్మిన రేగిగింజల్లా.

సందు చూడమని రేకుల కొలబద్ద చేతికిచ్చింది.
సందంటే నాకు తెలిసింది
రెండిళ్ళ మధ్య ఒక మనిషి పట్టే చోటు.
ఇక్కడ మిల్లీమీటరు, పైన పిసరు.
అంతుంటేనే నిప్పు దూకుతుంది.
ఇప్పుడది రెండింతలు.
దూకబోయి ఒక్కోసారి గట్టు మీదే చతికిలబడుతోంది.

వేలు తడిచేసుకుని కారు పుస్తకం తిప్పింది.
"ఇందులో రాసింది ఇరిడియం. లక్ష కిలోమీటర్లకోసారి మార్చాలి.
ఇవి మామూలు నికెల్‌వి. నలభై వేలకే ముసలివైపోతాయి.
ఎవరమ్మారు నీకీ బండి?"
ఫర్నేసులో పని మానేసి పెర్త్ వెళ్ళిపోయినాయన, అన్నాను.
"ఇవి అమ్మేవాడు పెట్టే ప్లగ్గులు."
కోపంగా కాదు, రేపు ఎండ కాస్తుందని చెప్పినట్టు అంది.

ఖరీదువి పెడితే వేగం పెరుగుతుందా?
"ఇరిడియం బలం ఇవ్వదమ్మాయ్, ఆయుష్షు ఇస్తుంది.
ఎన్నాళ్ళుంచుకుంటావు దీన్ని?"

ఆ ప్రశ్నకి నా దగ్గర పుస్తకం లేదు.
కాంట్రాక్టు మార్చి దాకా. అద్దె నెలనెలా.
ఫోర్కులు రెండే కొన్నాను.
పరుపు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు,
పక్కకి తిరిగితే రాత్రంతా చప్పుడు.
ఈ ఊరొచ్చిన ఏడాదిన్నరగా
అన్నీ నికెల్‌వే కొంటున్నానని
ఆ నూనె మరకల బల్ల దగ్గర తట్టింది.

"ఇరిడియం," అన్నాను.
నాలుగూ కలిపి ఎనభై ఎనిమిది డాలర్లు.
వెంటనే నాలిక కరుచుకున్నాను.

కొత్తవాటికి కొలబద్ద తగలనివ్వలేదు.
"వెంట్రుకంత మొన. గెలికితే విరుగుతుంది. నంబరు సరిచూసి పెట్టు, చాలు."
మొదటి చుట్లు నాచేత వేళ్ళతోనే తిప్పించింది.
మర అడ్డంగా ఎక్కుతుంటే వేలికి తెలుస్తుందట.
తెలిసింది.
వెనక్కి తిప్పి మళ్ళీ మొదలెట్టాను.
స్పానరు చివర్లోనే, అదీ కసి లేకుండా.

మర్నాడు నాలుగున్నరకి ఒక్క తిప్పుకే లేచింది.
పక్కింటి కుక్క కూడా మొరగలేదు.
అద్భుతమేం కాదు, కారు కారులా నడిచింది.
మీటరు అంకె గ్లవ్‌బాక్సు మూత లోపల మార్కరుతో రాశాను,
దాని కింద లక్ష కలిపి ఇంకో అంకె.
రానూపోనూ రోజుకి నూట యాభై.
ఎన్ని రోజులో భాగించబోతుంటే
ఎదురుగా పెద్ద లారీ, వెనక రెండు బోగీలతో, దీపాలు దించకుండా వస్తోంది.
రెండు చేతులూ స్టీరింగు మీద వేశాను.