సుంకరికి చెప్పుకోవలసినవి

డులూత్‌లో మార్చి అంటే ఇంకా చలికాలమే.
నోరీన్ బ్రాట్‌లండ్ ఆఫీసు కిటికీలోంచి
వంతెన సగమే కనిపిస్తుంది.
మిగతా సగం మంచులో ఉంది,
విస్కాన్సిన్‌లో ఉంది.

బల్ల మీద బూట్ల అట్టపెట్టె, నిండా చీటీలు:
పెట్రోలు, కాఫీ, స్పార్క్ ప్లగ్గులు.
జిడ్డు వేళ్ళకి అంకెలు సగం చెరిగిపోయాయి.
పడవ మోటార్లు బాగుచేసే వెర్నర్ లాక్సో
టోపీని మోకాలికి తొడిగి
కుర్చీ అంచున కూర్చున్నాడు.

అవతలి రాష్ట్రం ఉత్తరంలో ఉన్నది ఒకటే మాట,
మర్యాదగా, మూడు రకాలుగా:
నిరుడు మీ వ్యాను మా గడ్డ మీద
ముప్పైనాలుగు రోజులు తిరిగింది.
మా వాటా మాకివ్వండి.
వడ్డీతో, జరిమానాతో.

వంతెన కింద నీళ్ళకి ఈ గొడవ తెలీదు.
రెండు రాష్ట్రాలనీ కలిపి
ఒకే మంచుపలక కప్పేసింది.
గీత గీసినవాడెవడో ఏనాడో పోయాడు.
గీతకి మాత్రం జీతగాళ్ళున్నారు.

నోరీన్ పసుపు కాగితం మీద నిలువుగా గీత కొట్టింది.
ఇటు డబ్బొచ్చిన రోజులు, అటు రానివి.
"ఫిబ్రవరి తొమ్మిది?"
"మంచుబండి బెల్టు మార్చాను. నలభై డాలర్లు."
"పదకొండు?"
జవాబు లేదు.
"పదకొండు, పద్నాలుగు, పద్దెనిమిది, ఇరవైఒకటి.
పొద్దున పోయావు, రాత్రికొచ్చావు.
దేనికి?"
అతను టోపీని రెండో మోకాలికి మార్చాడు.

ఇరవయ్యేళ్ళుగా ఆమె ఎరిగిన నిశ్శబ్దమే అది.
దొంగలెక్క దాచేవాడు
వెంటనే జవాబు చెబుతాడు.

"మా తమ్ముడు. టోయివో," అన్నాడు చివరికి.
"సుపీరియర్‌లో, ఆసుపత్రిలో. ఊపిరితిత్తులు.
పదహారేళ్ళు మాటల్లేవు మాకు,
నాన్న పడవ ఎవరిదని.
అప్పుడూ పెద్దగా మాట్లాడుకోలేదు.
రేడియోలో హాకీ వినేవాళ్ళం.
మా ఆవిడకి పని మీద పోతున్నానని చెప్పాను."

పని మీద.
రాష్ట్రం పట్టుకున్నదీ ఆ మాటనే.
వంటింటి క్యాలెండరు నకలు ఫైల్లో ఉంది,
గుండ్రటి చేతిరాత:
వెర్నర్, సుపీరియర్, పని.

మనకో సామెత ఉంది,
సుంకరికి సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు అని.
చెప్పినా దండగేనని దాని అర్థం.
నోరీన్‌కి ఆ సామెత తెలీదు.
తెలిస్తే నవ్వేదేమో.
ఆమె బతుకుతెరువే అది,
దుఃఖాన్ని సుంకరి భాషలోకి దించి
పేరా పేరాకీ అంకె వెయ్యడం.

ఆరు: నా తమ్ముడి పేరు టోయివో లాక్సో.
ఏడు: కింద రాసిన ఇరవైరెండు రోజుల్లో
నేను ఏ పనిముట్టూ పట్టుకోలేదు.
ఎనిమిది: ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు.

"ఆగు," అన్నాడతను.
"అక్కడి నర్సు కారు ఒకరోజు స్టార్టవలేదు.
బ్యాటరీ తీగ బిగించాను.
మర్నాడు ఆపిల్ పై తెచ్చిచ్చింది."

కలం ఆగింది.
అరలో లావుపాటి పుస్తకాలన్నీ
ఒక్కసారి చెవులు రిక్కించాయి.
ఆపిల్ పై ప్రతిఫలమా, కాదా?
"మొత్తం తిన్నావా?"
"సగం. సగం వాడికుంచాను.
వాడు తినలేకపోయాడు."

ఇరవైరెండుని కొట్టేసి
ఇరవైఒకటి చేసింది నోరీన్.
తొమ్మిది అని అంకె వేసి, కాసేపు చూసి,
తీగనీ ఆపిల్ పైనీ ఉన్నవి ఉన్నట్టు రాసింది.

మే మూడు తర్వాత
వ్యాను వంతెన దాటిన చీటీ ఒక్కటీ లేదు.
ఎందుకని అడగాల్సిన పని చట్టానికి లేదు.
ఆమె కూడా అడగలేదు.

"ఇది మా ఆవిడ చదవాలా?"
"క్యాలెండరు ఆమెది.
ఆమె కూడా సంతకం పెట్టాలి."

వెర్నర్ కాగితాలు మడిచి
కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.
కిందికి దిగాక వ్యానులో కూర్చుని
ఇంజను వెయ్యకుండా
చాలాసేపు అలాగే ఉండిపోయాడు.
అద్దం మీద మంచు పడుతోంది.
పైనుంచి చూస్తూనే
అలవాటుకొద్దీ టైము రాసుకుంది నోరీన్.
తర్వాత ఆ అంకెని కొట్టేసింది.