గుండె పక్కన గాలి

రాత్రి పదకొండున్నర. పర్లాకిమిడిలో కరెంటు
పోయి వచ్చి, పోయి వచ్చి, చివరికి నిలబడింది.
సీటీ గదిలో చలికి నేనొక్కదాన్నే అలవాటు పడ్డాను.

లైచ్చన్నని స్ట్రెచరు మీద తెచ్చారు.
మేళం బట్టలతోనే ఉన్నాడు, చెవి వెనక గంధం ఆరలేదు.
కూర్మయ్య డోలు దించకుండానే పరిగెత్తుకొచ్చాడు,
తలుపుకి తగిలి అది దానంతటదే ఒకసారి మోగింది.

"తాళి కట్టేటప్పుడు గట్టిమేళమమ్మా, ఆపకూడదు కదా.
ఇక్కడేటో పుటుక్కుమంది."
వేలు రొమ్ము నడిమికి పెట్టాడు.
గొంతు ముక్కులోంచి వస్తోంది, ఇంకెవరిదో అద్దెకు తెచ్చుకున్నట్టు.

ఈసీజీ కాగితం నిమ్మళంగా ఉంది.
నెత్తురు పరీక్ష, గుండెపోటు కాదంది.
నలభై నాలుగేళ్ల మనిషి రొమ్ము పట్టుకుంటే
ఈ ఊళ్లో అందరికీ తెలిసిన జబ్బు ఒక్కటే.
పాఢి డాక్టరుగారికి ఇంకో నాలుగు తెలుసు.
అందుకే ఆయన ముఖం మాకంటే ఎక్కువ వాడింది.
మహాధమని పొరలు విడిపోయాయేమో,
ఊపిరితిత్తిలో గడ్డ అడ్డం పడిందేమో,
అన్నవాహిక చిరిగి ఉంటే తెల్లారేలోపు...
"వాంతి అయిందా?" మూడుసార్లు అడిగారు,
ఒడియాలో ఒకసారి, తెలుగులో రెండుసార్లు.
లేదు. పెళ్లి భోజనానికి ఇంకా పిలవనేలేదు.

మెడ మీద వేళ్లు ఆనించారు.
చర్మం కింద మరమరాలు నలిగాయి.
నన్నూ పట్టి చూడమన్నారు. చూశాను.
ఆ చప్పుడు నా వేళ్లలో చాలాసేపు ఉంది.

"ఒంటి మీద లోహం ఉండకూడదు. ఆ పీక తీసెయ్యి" అన్నాను.
అతను గొంతు తడుముకున్నాడు పాపం.
దారానికి వేలాడుతున్న సన్నాయి పీక, దాని ఇత్తడి సూది,
నేనే విప్పి స్టీలు పళ్లెంలో పెట్టాను.

యంత్రం హిందీలో ఆజ్ఞ వేసింది. నేను తెలుగు చేశాను:
"ఊపిరి బిగబట్టు."
"ఎంతసేపమ్మా? పల్లవి వరకా, చరణం కూడానా?"
"పది లెక్కపెట్టేంత."
నవ్వబోయాడు, నొప్పి నవ్వనివ్వలేదు.
ముక్కుతో తీస్తూ బుగ్గతో వదులుతూ
ఇరవై ఆరేళ్లు పాట తెగనివ్వని మనిషికి
ఊపిరి ఎలా ఆపాలో నేర్పడం, ఇదీ నా ఉద్యోగం.

తెర మీద మనిషి అరటికాయ చక్రాల్లా వచ్చాడు.
మందు కలిసిన నెత్తురు తెల్లగా,
ధమని గుండ్రంగా, లోపల చీలిక గీత లేదు.
గడ్డా లేదు.
నేను వెలుగు తగ్గించి, పెంచి, మళ్లీ తగ్గించాను.
అప్పుడు కనబడింది.
ఎక్స్‌రేలో వెంట్రుకవాసి నీడై తప్పించుకున్నది
గుండెని ఒరుసుకుంటూ, శ్వాసగొట్టాన్ని చుట్టుకుంటూ
మెడ దాకా పాకిన నల్లని చారలు.
గాలి.
ఉండకూడని చోట, వట్టి గాలి.

బరంపురం నుంచి ఫోనులో డాక్టరమ్మ నిద్రగొంతు:
"తాగించిన మందు ఎక్కడా కారలేదు, అన్నవాహిక బాగుంది.
ఊపిరితిత్తిలో చిన్న గాలిగది పగిలుంటుంది.
కత్తి అక్కర్లేదు. ఆక్సిజను, పడక.
దానంతటదే ఇంకిపోతుంది."

కూర్మయ్యకి బొమ్మ చూపించాను.
"ఏ గాలమ్మా ఇది?"
"సన్నాయిలోకి వెళ్లాల్సింది."
అతను చాలాసేపు ఆ నలుపు వైపే చూసి
అప్పుడు దించాడు డోలు.
"వచ్చే వారం మూడు పెళ్లిళ్లకి బయానా తినేశాం" అన్నాడు,
నాతో కాదు.

తెల్లారి డ్యూటీ దిగుతుంటే పళ్లెంలో పీక.
ఆరిపోయి, మొన మీద తమలపాకు ఎరుపు.
మూడో నంబరు మంచం దాకా తీసుకెళ్లాను.
ముక్కుకి ఆక్సిజను గొట్టం, లైచ్చన్న నిద్రపోతున్నాడు,
బుగ్గలు మాత్రం ఉబ్బుతున్నాయి, తగ్గుతున్నాయి.

దిండు కింద పెట్టనా, నర్సుకివ్వనా?
నెల రోజులు ఊదకూడదని కేసు షీటులో రాసుంది.
గుప్పిట మూసుకుని అక్కడే నిలబడ్డాను,
బస్సు హారను కొట్టేదాకా.