కుడి బొటనవేలి గీతలు

కోరుట్ల బస్సు దిగి
టవర్ సర్కిల్ దాక అడుక్కుంట అడుక్కుంట వచ్చి
వెండితీగ పనోళ్ల గల్లీల
నా దుకాణం మెట్టెక్కింది పోసాని.
కొంగుముడి విప్పి అద్దం మీద పరిచింది
ఆరు హాలీ రూపాయలు.
చార్మినారు బొమ్మ, ఉర్దూ రాత,
ఆరూ పెండ్లికి తయారైనట్టున్నయి.

"మెరుస్తున్నయి గద సారూ,
రాత్రి పదకొండు దాక తోమిన.
చింతపండు, పొయ్యిల బూడిద,
ఆఖరుకు మా పిల్లగాని పండ్లపొడి."

నేను మాట్లాడలే.
భూతద్దం కంటికి పెట్టుకున్న.
మొకం దాసుకోవాల్నంటె
నాకున్న చాటు అదొక్కటే.

టంకసాలల పుట్టిన వెండికి ఒక చర్మం ఉంటది.
దీపం కింద బిళ్లను తిప్పితె
వెలుగు బండిచక్రం ఆకులోలె గిర్రున తిరగాలె.
ఇక్కడ తిరగలే.
పడ్డకాన్నే పడ్డది
సున్నమేసిన గోడ మీది ఎండ లెక్క.
ఆ తెలుపు మీద వెంట్రుకవాసి గీతలు
అన్నీ ఒకే దిక్కు వంగినయి.
కుడిచెయ్యి. బొటనవేలు.
గిన్నె తోమినట్టే గుండ్రంగ.
ఆరో దానికొచ్చేసరికి రెక్క గుంజినట్టుంది,
గీతలు సన్నబడ్డయి.

చెప్పక తప్పలే.
"అక్కా, గ్రేడు కోసం బొంబైకి పంపితె
వీటికి నంబరు ఇయ్యరు.
నంబరు ఉండాల్సిన జాగల
'కడిగినది' అని రాసి పంపుతరు.
అరిగినదానికీ నంబరుంటది,
మసిబొగ్గు అసొంటి దానికీ ఉంటది,
కడిగినదానికే ఉండది.
ఇగ తూకమే. వెండి ధరే."

"మురికి తీస్తె తప్పా?"

"అది మురికి కాదక్కా."
మరేందో ఒక్క మాటల చెప్పరాలే.
ఎనభై ఏండ్లు గోలెంల వడ్ల నడుమ నిలిచిన గాలి,
మూట గుడ్డల పసుపు,
లెక్కపెట్టి మళ్ల కట్టిన చేతుల చెమట,
అంచుల పొంటి నీలంగ, నడుమ ఇటుకరంగుల
దానంతటది పట్టిన ఛాయ.

నేనేం ధర్మరాజును కాదు.
పదహారేండ్ల వయసుల, ఈ గల్లీలనే,
సేటు చెప్పిండని తేజాబు గిన్నెల ముంచి
గంపెడు రూపాయలను తెల్లగ జేసిన.
తెచ్చినాయన చూసి మురిసిపోయి
నాకు చాయ తాగిపిచ్చిండు.
ఆ చాయ తీపి
ఇంక నాలిక మీదనే ఉన్నది.

పోసాని లేవబోయి మళ్ల కూసుంది.
"ఇంకొకటున్నది సారూ. రాత్రి దొరకలే.
పొద్దుగాల బస్సుల, సంచి కుట్టుల తగిలింది.
తియ్యాల్నంటె నామోషి, నల్లగున్నది."

తునికాకు పొడి అంటుకున్న ఏడో రూపాయి.
తుడవలే. అంచులు పట్టుకొని
దీపం కింద తిప్పిన.
తిరిగింది.
నలుపు కింద, చక్రం, ఆగకుంట.

ధర చెప్పిన.
ఆరింటి తూకం ఒక దిక్కు పెడితె
ఇదొక్కటే మొగ్గింది.
ఆమె నవ్వింది, చానసేపు,
పక్క దుకాణపోడు తొంగిచూసేదాక.
"అంటె నిద్రకాసి
నా పైసలు నేనే తోమి పారబోసిన్న?"

ఆరూ అమ్మింది.
ఏడోది మళ్ల కొంగున కట్టుకుంది.
ఎందుకని అడగలే.

నోట్లు లెక్కపెడుతుంటె అప్పుడు చూసిన.
నలభై ఏండ్లు బీడీలు చుట్టిన వేళ్లు.
తంబాకు నలుపు ఉండాల్సిన గోళ్ల సందులు
తెల్లగ, అక్కడక్కడ తోలు లేచి ఎర్రగ.
చింతపండు వాసన.
కరీంనగర్ దుకాణానికి పోతున్ననని
వాటిని గూడ తోమింది.

భూతద్దం మళ్ల కంటికి పెట్టుకున్న,
అద్దం మీద చూసేటందుకు
ఏం లేకున్నా.