తొమ్మిది గొట్టాలు

తెల్లవారుజామున నాలుగున్నరకి
కుతాయిసి ఆసుపత్రి పైఅంతస్తు నుంచి
ల్యాబ్‌కి ట్రే దిగుతుంది.
ఊదా మూత, నీలి మూత, పసుపు మూత.
పదకొండో మంచం ఒతియా పేరు
తొమ్మిదిసార్లు.

అతన్ని నేనెప్పుడూ చూడలేదు,
నెత్తురుతోనే పరిచయం.
మొన్న ఫెరిటిన్ తొమ్మిది వందల నాలుగు,
నిన్న తొమ్మిది వందల పది.
ఈ ఆరుకి ఏ మందైనా మారిందా అని
పాత చీటీలన్నీ తిరగేశాను.
ఏదీ మారలేదు.

నర్సు మక్వాలా చెప్పింది,
అతని మోచేతి మడత వంకాయ రంగుకి తిరిగిందట,
సూదికి చోటే లేదట.
ఒకప్పుడు ట్రాలీబస్సు నడిపినవాడు.
"నిన్నటి లెక్క తప్పిందా తల్లీ,
మళ్ళీ తీస్తున్నావు?" అన్నాడట.
మాస్కు వెనక ఆమె దగ్గర మాట లేదు.

భయమేస్తే మనిషి లెక్కపెడతాడు.
నా చిన్నప్పుడు, కరెంటు లేని ఆ శీతాకాలాల్లో,
మా అమ్మ కొవ్వొత్తులు లెక్కపెట్టేది.
పడుకునే ముందొకసారి, లేచి మరోసారి.
ఎన్నిసార్లు పెట్టినా మూడే.
లెక్క వల్ల గది వెలగలేదు.

ఆ రోజు డాక్టర్ ఎతెరి కిందికొచ్చింది,
బుగ్గల మీద కళ్ళద్దాల గాట్లతో.
పరీక్షల చీటీ ముందేసుకుని
ఒక్కో పేరు దగ్గరా పెన్సిల్ ఆపి
తనలో తనే అడిగింది:
"ఈ అంకె తెలిస్తే
పొద్దున నా చెయ్యి ఏం చేస్తుంది?"
ఏమీ చెయ్యదన్న చోట గీత కొట్టింది.
అన్నీ కొట్టెయ్యలేదు.
మూత్రపిండాలది ఉంచింది, పొటాషియం ఉంచింది.
డీ-డైమర్ పక్కన రాసింది:
ఊపిరి మారితే, అప్పుడు.

నాకు కాస్త కోపమొచ్చిన మాట నిజం.
మిషన్లు ఖాళీగా ఉంటే
నా కొలువేదో తగ్గినట్టు.

మూడో రోజు ఒతియా పేరు మీద రెండే గొట్టాలు.
పొటాషియం ఆరు పాయింట్ నాలుగు.
తీసేటప్పుడు నెత్తురు చితికిందేమోనని
గొట్టాన్ని దీపానికెత్తి చూశాను.
సీరం లేత పసుపు, తేటగా ఉంది.
ఫోను చేశాను. పైన పరుగులు.
తొమ్మిదింటి వరుసలో పడి ఉంటే
ఈ మాట పైకి చేరేసరికి
ఎనిమిదయ్యేది.

ఇవాళ ట్రేలో అతని పేరు లేదు.
మా పనిలో ఖాళీ గడికి రెండు అర్థాలు.
ఫోను ఎత్తి, దించి,
మళ్ళీ ఎత్తాను.
"పదకొండో మంచం..."
మక్వాలా గొంతు తగ్గించి అంది:
"మెల్లగా. నిద్రపోతున్నాడు.
ఇవాళ గుచ్చొద్దని రాసింది డాక్టరు."