ఇరవై మూడు కార్లు

ముప్ఫై ఎనిమిది ఇళ్లు, గోడకు గోడ ఆనించి,
మూతపడ్డ కర్లింగ్ క్లబ్బు స్థలంలో.
ఫైలు నా బల్ల మీదికి వచ్చేసరికి
థండర్ బేలో తొలి మంచు పడి కరిగిపోయింది.

కన్సల్టెంటు నివేదిక నూట పన్నెండు పేజీలు.
పొద్దుటి రద్దీ గంటలో అదనంగా ఇరవై మూడు కార్లు.
టామరాక్ వీధి మూల దగ్గర సగటు ఆలస్యం
నాలుగు సెకన్లు పెరుగుతుంది.
'ప్రభావం స్వల్పం' అని లావుపాటి అక్షరాల్లో.
అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో,
లెక్కించిన తేదీ: జూలై పదకొండు.
జూలైలో బడి ఉండదు.
ఊళ్లో సగం మంది సరస్సుల ఒడ్డున క్యాంపుల్లో
దోమలకు రక్తదానం చేస్తుంటారు.

అందుకని నవంబరులో ఒక మంగళవారం
మడత కుర్చీ, ఫ్లాస్కు, ఒళ్లో మీటల పెట్టె,
ఏడింటికల్లా మూల మీద కూర్చున్నాను.
ఎడమకు తిరిగితే ఒక మీట, తిన్నగా పోతే ఇంకొకటి.
టిక్కు. టిక్కు.
పసుపు బస్సు ఆగితే వెనక పదకొండు కార్లు ఆగాయి.
పదకొండూ పట్టికలోకి ఎక్కాయి.
ఒక పిల్లాడు బూటు లేసు ఈడ్చుకుంటూ రోడ్డు దాటి,
జారిపోయిన చేతి తొడుగు కోసం
మళ్లీ నడిమధ్యకు వచ్చాడు.
వాడికి మీట లేదు.
కాలిబాట లేని వైపు కుక్కతో ఒక మనిషి
కారు వచ్చినప్పుడల్లా పక్క కాలవలోకి దిగి
మళ్లీ ఎక్కాడు, ఆరుసార్లు.
దానికీ గడి లేదు.
పెన్ను గడ్డకట్టింది, పెన్సిలుతో అంచున రాసుకున్నాను.

విచారణ రాత్రి హాల్లో కుర్చీలు చాలలేదు.
మైకు దగ్గర మనిషికి మూడు నిమిషాలు.
నీడ పడుతుందన్నారు, తోసిన మంచు ఎక్కడ పోస్తారన్నారు,
మా గుమ్మం ముందు ఎవడో కారు పెడతాడన్నారు.
'అలాంటి వాళ్లు వస్తారు' అన్నాడొకాయన.
ఎలాంటి వాళ్లో చెప్పలేదు. హాలుకు అర్థమైంది.
నా మినిట్స్‌లో అది
'పరిసరాల స్వభావం' అయి కూర్చుంది.

ఐలా కొస్కెలాకు ఎనభై ఒకటి.
ఆ క్లబ్బు మంచు మీద యాభై రెండేళ్లు రాయి జార్చిన చెయ్యి
మైకును గట్టిగా పట్టుకుంది.
'నా వంటింటి కిటికీలోంచి
సుపీరియర్ సరస్సు వేలెడంత కనిపిస్తుంది.
దాన్ని మీ పట్టికలో ఏ వరసలో వేస్తారు?'
అధ్యక్షుడు నా వైపు చూశాడు.
నేను కాగితాల వైపు చూశాను.

అందరికన్నా చివర రోవెనా డింగ్లాసన్.
వృద్ధాశ్రమం యూనిఫారం మీద కోటు,
డ్యూటీకి పోతూ దారిలో ఆగింది. చేతిలో కాగితం లేదు.
'ఇరవై మూడు కార్లన్నారు కదా, అందులో ఒకటి నాది.
ఇప్పుడు యాభై కిలోమీటర్ల అవతల ఉంటాను.
తెల్లారి ఏడున్నరకు మీ వీధిలోంచే ఇంటికి పోతాను.
నన్ను మీరు ఇప్పటికే లెక్కపెట్టేసి ఉంటారు.'
ఇంకా రెండు నిమిషాల పైన మిగిలింది.
వాడుకోకుండా వెళ్లిపోయింది.

ఆఫీసుకు తిరిగి వచ్చి షీటు తీశాను.
ఏడున్నర నుంచి ఏడూ నలభై ఐదు దాకా నలభై ఒక్క టిక్కులు.
కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను.
అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

రెండు రోజులకు కొస్కెలా ఉత్తరం వచ్చింది.
'నేను ఇప్పటికీ వ్యతిరేకమే.'
సంతకం కింద, వేరే రంగు సిరాతో:
'కడితే గనక కాలిబాట మా వైపే వేయించండి.
ఆ నర్సు పిల్లకు చలికాలంలో కారు మొరాయిస్తే?'

షరతులతో అంగీకారం అని సిఫారసు రాశాను.
కాలిబాట, వీధి దీపం, బస్సు ఆగేందుకు జాగా.
బడి ఉన్న రోజున మళ్లీ లెక్కింపు.
సరస్సుకు మాత్రం ఏమీ రాయలేకపోయాను.
'స్వల్పం' అన్న మాట కొట్టేసి,
ఆ చోట పెట్టడానికి మాట దొరక్క,
దీపం ఆర్పి ఇంటికి బయల్దేరాను.

టామరాక్ మూల దగ్గర ఎడమకు తిరిగాను.
నా లైట్లు చూసి
కుక్కతో మనిషి కాలవలోకి దిగాడు.